నేల కింది నదిని వినడం

పత్రికా ప్రపంచానికి మారుపేరుగా నిలిచిన లండన్‌లోని ఫ్లీట్ స్ట్రీట్ గురించి వినని చదువరులు అరుదు. ఆ వీధికి ఆ పేరు ఒక నది వల్ల వచ్చిందని తెలిసినవారు మాత్రం తక్కువ. ఫ్లీట్ నది హాంప్‌స్టెడ్ హీత్ ఎత్తుల్లో పుట్టి, కింగ్స్ క్రాస్, క్లర్కెన్‌వెల్ ప్రాంతాల మీదుగా సుమారు 6 కిలోమీటర్లు సాగి, బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన వద్ద థేమ్స్‌ను చేరుతుంది. హీత్‌లోని చెరువులు దాటాక అది కంటికి కనిపించదు. కానీ చెవికి వినిపిస్తుంది.

ఫారింగ్‌డన్ రోడ్డు పక్కన రే స్ట్రీట్‌లో, కోచ్ అనే పబ్ ఎదుట, రోడ్డు మీద ఒక ఇనుప జాలీ ఉంది. వాహనాల రొద తగ్గిన వేళ దాని దగ్గర నిలబడితే అడుగున నీరు పరుగెత్తే చప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. చుట్టూ చూస్తే ఆ వీధి పల్లంలో ఉందనీ, ఆ పల్లం పాత నదీలోయేననీ అర్థమవుతుంది. చెవి ఇచ్చిన సూచనను నేల వాలు ఇలా ధ్రువపరుస్తుంది.

ఈ నది ఒక్కరోజులో మాయం కాలేదు. 1666 నాటి అగ్నిప్రమాదం తరువాత క్రిస్టఫర్ రెన్ దీని దిగువ భాగాన్ని కాలువగా తీర్చిదిద్దాడు. అది చెత్తతో నిండిపోవడంతో 1730లలో కొంత భాగాన్ని, 1760లలో మిగిలిన దానిని కప్పివేశారు. ఎగువ భాగం 19వ శతాబ్దంలో పెరుగుతున్న నగరం కింద మురుగుకాల్వగా మారింది. 1858 వేసవిలో థేమ్స్ దుర్గంధం పార్లమెంటును కుదిపేశాక, జోసెఫ్ బాజల్‌గెట్ నిర్మించిన అడ్డుకాల్వలు ఈ నీటిని మామూలు రోజుల్లో తూర్పుకు మళ్లించసాగాయి. ఈలోగా, 1862 జూన్‌లో, కప్పిపెట్టిన ఫ్లీట్ గోడలు బద్దలుకొట్టుకొని, నిర్మాణంలో ఉన్న మెట్రోపాలిటన్ రైల్వే సొరంగాన్ని ముంచెత్తింది.

నీటికి ఆ చప్పుడు ఎలా వస్తుంది? నునుపుగా, సమంగా సాగే ప్రవాహం దాదాపు నిశ్శబ్దంగా ఉంటుంది. మెట్టు దిగినప్పుడో, మలుపు తిరిగినప్పుడో, అడ్డు తగిలినప్పుడో నీరు సుడులు తిరిగి గాలిని తనలోకి లాక్కుంటుంది. అలా చిక్కిన బుడగలు సంకోచవ్యాకోచాలతో కంపిస్తాయి. మనం గలగల అనేది ఈ కంపననాదాన్నే. బుడగ వ్యాసార్థానికీ దాని స్వరానికీ ఉన్న సంబంధాన్ని 1933లో మార్సెల్ మిన్నార్ట్ సూత్రీకరించాడు. 1 మిల్లీమీటరు వ్యాసార్థమున్న బుడగ సుమారు 3,300 హెర్ట్జ్ వద్ద మోగుతుంది. దానికి పదింతలుంటే స్వరం పదోవంతుకు దిగుతుంది. అందుకే సన్నని ధార గలగలమంటుంది, పెద్ద ప్రవాహం గంభీరంగా హోరెత్తుతుంది.

వైద్యులకు ఈ తర్కం కొత్తది కాదు. 1816లో రెనె లెనెక్ చుట్టిన కాగితపు గొట్టంతో రోగి గుండె చప్పుడు విన్నప్పటి నుంచి, కోసి చూడకుండానే లోపలి స్థితిని అంచనా వేయడం వైద్యంలో భాగమైంది. ఇరుకైన రక్తనాళంలో సుడులు తిరిగే రక్తం మర్మరధ్వని చేస్తుంది. అక్కడ బుడగలు ఉండవు, సుడులే శబ్దానికి మూలం. నీటి సరఫరా సిబ్బంది కూడా పొడవాటి కడ్డీ ఒక కొసను గొట్టానికి, రెండవ కొసను చెవికి ఆనించి లీకులు పసిగట్టేవారు.

అయితే ఒక్కసారి విన్నంత మాత్రాన నిర్ధారణ జరగదు. జాలీ కింది చప్పుడు ఊటనీటిదా, ఇళ్ల మురుగుదా, వాననీటిదా అన్నది చెవి తేల్చలేదు. ఒకే చోట పొడిరోజున, వాన వెలిసిన గంటకు, మరునాడు విని పోల్చితే ప్రవాహం ఎంత వేగంగా పెరిగి తగ్గుతుందో తెలుస్తుంది. ఏ నీరు ఎక్కడికి చేరుతుందో తేల్చడానికి ఇంజనీర్లు రంగు కలిపి చూస్తారు. పరికరం ఎంపికా ముఖ్యమే. గాలికీ నీటికీ ధ్వనినిరోధంలో ఉన్న తేడా వల్ల నీటిలోని శబ్దశక్తిలో వెయ్యో వంతు మాత్రమే పైకి వస్తుంది. మన మధ్యచెవిలోని చిన్న ఎముకలు ఇలాంటి అడ్డంకినే దాటిస్తాయి. నీటి లోపలి సవ్వడి వినాలంటే హైడ్రోఫోన్ ముంచక తప్పదు.

ఇలా సేకరించిన ధ్వనులు పటంగానూ మారాయి. లండన్ సౌండ్ సర్వే అనే ధ్వని సంగ్రహం, హ్యారీ బెక్ గీసిన భూగర్భ రైలు పటం తరహాలో నగరపు కాలువలనూ చిన్న నదులనూ చూపి, ఒక్కో చోట అక్కడి చప్పుడును పొందుపరిచింది.

ఇది కేవలం కాలక్షేపం కాదు. పాత లండన్‌లో మురుగూ వాననీరూ ఒకే కాల్వలో పోతాయి. కుండపోత కురిస్తే అవి పొంగి థేమ్స్‌లోకి దూకేవి. దానిని అరికట్టడానికి 25 కిలోమీటర్ల టైడ్‌వే సొరంగం కట్టారు; 2025 నుంచి అది పూర్తిగా పనిచేస్తోంది. ఫ్లీట్ పొంగునీరు కూడా ఇప్పుడు దానిలోకే చేరుతుంది. నది శుభ్రపడేందుకు ఇది పెద్ద అడుగే కాని, వీధుల మీద కురిసే వానంతటినీ మింగగలిగే సొరంగం లేదు. 2021 జూలైలో రెండుసార్లు కురిసిన కుండపోతకు లండన్‌లో ఎన్నో నేలమాళిగలు మునిగాయి. విప్స్ క్రాస్, న్యూహామ్ ఆసుపత్రులు అత్యవసర రోగులను మరో చోటికి వెళ్లమనవలసి వచ్చింది. నదిని కప్పినా దాని లోయ వాలు మారదు. వాననీరు ఇప్పటికీ ఆ వాలునే వెతుక్కుంటుంది.

లండన్‌లో ఇల్లు కొనే తెలుగువారు బడి, రైలు స్టేషను ఎంత దూరమో అడుగుతారు. ఆ ప్రశ్నలకు మరొకటి చేర్చవలసి ఉంది: ఈ వీధి కింద ఏమి పారుతోంది? వరద ముప్పును చిరునామా వారీగా ప్రభుత్వ వెబ్‌సైటు ఉచితంగా తెలుపుతుంది. ముందుగా, కాలిబాట మీది ఏదైనా జాలీ దగ్గర ఒక నిమిషం ఆగి వింటే, ఆ ప్రశ్న ఎందుకు అడగాలో నీరే చెబుతుంది.