మేనరికం మాట్లాడుకునే ముందు తెలియాల్సిన నాలుగు మాటలు

మా మనవరాలు కన్నడ మీడియంలో చదువుతోంది. మొన్న పాఠం అప్పజెబుతూ ‘జీవకోశ’, ‘వర్ణతంతు’, ‘వంశవాహి’ అంది. మన తెలుగులో అవి కణం, క్రోమోజోము, జన్యువు. డాక్టరు దగ్గర సెల్లు, జీను అంటారు. మూడు భాషల మధ్య అసలు సంగతి జారిపోతోంది. కంటోన్మెంట్‌లో తరాలుగా ఉంటున్న మన ఇళ్లలో మేనరికాలు ఇంకా కుదురుతూనే ఉన్నాయి. అందుకే ఈ మాటలు పెద్దలకూ కావాలి. గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కనుక నాకు తెలిసిన లెక్కలోనే చెబుతాను.

కణం: ఒళ్లంతా కణాలే. ఒక్కో కణం ఒక ఆఫీసు అనుకోండి. అందులో రికార్డు గది కేంద్రకం.

క్రోమోజోములు: ఆ గదిలోని రికార్డు పుస్తకాలు. మొత్తం 46, అంటే 23 జతలు. ప్రతి జతలో ఒకటి తండ్రి ఇచ్చింది, ఒకటి తల్లి ఇచ్చింది.

డీఎన్ఏ: ఆ పుస్తకాల్లోని రాత. ఏ, టీ, జీ, సీ అని నాలుగే అక్షరాలు.

జన్యువు: ఆ రాతలో ఒక పద్దు. ఫలానా ప్రొటీను ఎలా తయారుచేయాలో అందులో ఉంటుంది. మనిషికి ఇలాంటివి సుమారు 20,000.

చాలావరకు ప్రతి పద్దుకూ రెండు ప్రతులుంటాయి. ఒకదాంట్లో అక్షరదోషం ఉన్నా రెండోది పని నడుపుతుంది. మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు, కాని ఆ దోషాన్ని మోస్తుంటాడు. ఇతన్నే వాహకుడంటారు. తలసీమియాలో భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకు వచ్చింది కదా, ఇక రాదులే అనుకోకూడదు. దోషం ఇద్దరి నుంచీ రావాలి కనుక కోడల్ని ఒక్కదాన్నే నిందించడం అన్యాయం.

మేనమామకూ అక్క కూతురికీ జన్యువుల్లో సగటున నాలుగో వంతు ఉమ్మడి. మేనబావ మరదళ్లకు ఎనిమిదో వంతు. అందుకే ఒకే దోషం ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. ప్రతి మేనరికంలోనూ జబ్బు వస్తుందని మాత్రం కాదు.

దగ్గరి చుట్టరికం లేకపోయినా, తరతరాలు ఒకే కులంలో పెళ్లిళ్లు జరిగితే ఇలాంటిదే జరగవచ్చు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2017 నాటి పరిశోధన మన వైశ్యుల ఉదాహరణే చెప్పింది. సక్సినైల్‌కోలిన్ అనే మందును ఆపరేషన్‌కు మత్తిచ్చేటప్పుడు వాడతారు. దాన్ని విరిచే ఎంజైము లోపం వైశ్యుల్లో ఎక్కువ. లోపమున్నవారికి ఆ మందు ఇస్తే కండరాలు చాలాసేపు కదలవు, ఊపిరి కూడా యంత్రంతోనే నడపాలి. ముందే తెలిస్తే డాక్టరు వేరే మందు వాడతారు.

కాబట్టి నా మనవి రెండే. సంబంధం ఖాయం చేసుకునే ముందు ఇద్దరికీ తలసీమియా రక్తపరీక్ష, అంటే సీబీసీ, హెచ్‌బీఏ2 చేయించండి. ఆపరేషన్‌కు ముందు, ఇంట్లో ఎవరికైనా మత్తుమందుతో ఇబ్బంది వచ్చివుంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి. జాతకాలు చూసేవాళ్లం, ఈ ఒక్క కాగితం కూడా చూద్దాం.