విడిది యింట ఎందరుండవచ్చును?

మన పెండ్లిండ్లలో విడిది యిల్లనగా తలలు లెక్కింపని చోటు. నా బాల్యమున మేనమామ వివాహమునకు మగపెండ్లివారి పక్షమున తరలిపోయి, మూడు గదుల యింట నలుబదిమందిమి రెండు రాత్రులు గడిపితిమి. చాపలు చాలక పెద్దలు కొందరు అరుగులమీద నడుము వాల్చిరి. తెల్లవారుజామున నూతివద్ద బారులు తీరిన చెంబులు తప్ప మరి యే యిబ్బందియు నాకు జ్ఞాపకము లేదు. అట్టి అలవాటుగల మనకు, అమెరికాలో సెలవులకై అద్దెకు తీసికొన్న యింటి తలుపుమీద "పదిమందికి మించరాదు" అను పలక కనబడినచో అది పిసినారితనముగానే తోచును. మన యిండ్లలో అనేకులకు అచ్చట కొడుకులు, కూతుండ్రు ఉన్నారు. తల్లిదండ్రులు చూడవచ్చినప్పుడు నాలుగు కుటుంబములవారు కలిసి సముద్రతీరమున ఒక యిల్లు మాటలాడుకొనుట పరిపాటియైనది. కావున ఆ పదియను సంఖ్య యెట్లు పుట్టినదో మనకును తెలియుట మంచిది.

దీనిని నిర్ణయించునది సాధారణముగా దేశప్రభుత్వము కాదు. ఆ యూరి పురపాలక సంఘమో, కౌంటీయో నిర్ణయించును. అందుచేత ఒక వంతెన దాటగానే నియమము మారిపోవచ్చును. తరచుగా కనబడు సూత్రము పడకగదికి ఇద్దరు. కొన్ని యూళ్లలో యింటి మొత్తముమీద మరి యిద్దరు అదనము. నాలుగు పడకగదులున్నచో ఎనమండుగురు, లేదా పదిమంది. గదికి ఇద్దరను ఈ లెక్క విడిది యిండ్లకొరకు పుట్టినది కాదు. నివాసగృహముల అద్దె విషయమున అమెరికా కేంద్రప్రభుత్వపు గృహవసతి శాఖ న్యాయాధికారి 1991లో ఇచ్చిన సూచనలోనే ఇది సామాన్యముగా సమంజసమని యున్నది. గది పరిమాణమును, పిల్లల వయస్సును, మురుగునీటి యేర్పాటును కూడ చూడవలెనని అందే చెప్పబడినది.

ఈ మురుగునీటి సంగతియే కొంచెము వివరముగా చెప్పదగినది. ఉత్తర కరోలినా రాష్ట్రపు తూర్పు అంచున ఔటర్ బ్యాంక్స్ అను సన్నని యిసుక దీవుల వరుస కలదు. 1903లో రైట్ సోదరులు విమానము నడిపినది అచ్చటనే. నేడు ఆ తీరమంతయు వేసవి విడిది యిండ్లు. వానిలో పెక్కింటికి ఊరుమ్మడి మురుగుకాలువ లేదు. ఎవరి పెరటిలో వారికి సెప్టిక్ ట్యాంకు ఉన్నది. ఆ రాష్ట్రమున చిరకాలముగా పడకగది యొక్కంటికి దినమునకు 120 గ్యాలన్లు, అనగా సుమారు 450 లీటర్ల మురుగునీరు వచ్చునని అంచనా కట్టి వానిని నిర్మించుచు వచ్చిరి. నాలుగు గదుల యింటికి సుమారు 1,800 లీటర్లు.

ట్యాంకులో జరుగు పని యంతయు నిలుకడమీద ఆధారపడినది. బరువైన మడ్డి అడుగునకు దిగును, జిడ్డు పైకి తేలును, నడుమనున్న నీరు మెల్లగా గొట్టములగుండ మట్టిలోనికి ఇంకును. మట్టి దానిని శుభ్రపరచును. ఎనమండుగురికి కట్టిన యింట పదునారుగురు దిగి, సముద్రస్నానమునుండి వచ్చి వరుసగా జలకమాడి, బట్టలయంత్రము రోజంతయు త్రిప్పినచో నీరు నిలువదు. మడ్డితో సహా గొట్టములలోనికి పోయి మట్టి రంధ్రములను పూడ్చివేయును. ఆపై మురుగు పెరటిలోనికో, స్నానపుగదిలోనికో పైకి వచ్చును. భూగర్భజలము కొలది అడుగుల లోతుననే యున్న దీవిలో అది ప్రక్కయింటివారికిని ముప్పే. ఏ వారపు అతిథులవలన చెడిపోయినదో తేల్చుట మాత్రము ఎవరితరమును కాదు.

అందువలన ప్రకటనలో "పదునలుగురు పరుండవచ్చును" అని చదివి మోసపోరాదు. అది మంచముల లెక్క. మంచముగా మారు సోఫాను ఎక్కడనైనను వేయవచ్చును. పెరటిలోని ట్యాంకు మాత్రము సాగదు.

రెండవ లెక్క కిటికీది. అమెరికాలో అనేక ప్రాంతములు అనుసరించు మాదిరి నిర్మాణ నియమావళి ప్రకారము పడకగదికి నిప్పంటుకొన్నప్పుడు బయటపడుటకు వీలైన కిటికీయో ద్వారమో ఉండవలెను. ఆ కిటికీ అడుగుపట్టె నేలకు 44 అంగుళములకన్న ఎత్తున ఉండరాదు. ఐదడుగుల అమ్మమ్మకు అది యించుమించు ఛాతీమట్టము. అంతకు మించినచో పొగలో ఆమె యెట్లు ఎక్కును? ఇట్టిదే మరియొక నియమావళిలో ఒక్కరు పరుండు గది 70 చదరపుటడుగులకు తగ్గరాదు. ఇద్దరు, ముగ్గురు పరుండునెడల తలకు 50 చొప్పున ఉండవలెను. నేలమాళిగలో చక్కని పరుపు వేసియున్నను దానిని పడకగదిగా లెక్కింపకపోవుటకు కారణము తరచు ఈ కిటికీయే.

మూడవది బరువు. అదే రాష్ట్రమున ఎమరాల్డ్ ఐల్ అను తీరపుటూర 2015 జూలై 4న సెలవులకు వచ్చిన ఒక కుటుంబమువారు ఫొటో తీయించుకొనుటకు కొయ్య వసారాపై గుమిగూడిరి. అది కూలి, ఇరువదిమందికి పైగా గాయపడిరి. మేకులు త్రుప్పుపట్టియుండుట బయటపడినది. కావున తప్పంతయు సంఖ్యదే యనుట న్యాయము కాదు. కాని అందరును ఒక్కచోట నిలుచు ఆ ఒక్క నిమిషము ప్రతి కుటుంబమునకును వచ్చునుగదా!

అబద్ధపు లెక్క తెచ్చిన కీడు వేరు. కాలిఫోర్నియాలోని ఒరిండాలో 2019 అక్టోబరు 31 రాత్రి, కొలదిమంది కుటుంబమునకని తీసికొన్న యింట నూరుమందికి పైగా చేరిరి. కాల్పులలో ఐదుగురు మరణించిరి. పిమ్మట 2020 ఆగస్టులో ఎయిర్‌బిఎన్‌బి సంస్థ వేడుకలను నిషేధించి, ఇంటికి పదునారుగురను హద్దు పెట్టినది. 2022లో పెద్ద యిండ్లకు ఆ హద్దు సడలించి, నిషేధమును స్థిరపరచినది. న్యూయార్కు నగరము ఇంకను ముందునకు పోయి, 2023 సెప్టెంబరునుండి ముప్పది దినములకు తక్కువైన అద్దెకు యజమాని యింట ఉండవలెననియు, అతిథులు ఇద్దరికి మించరాదనియు గట్టిగా అమలు జరుపసాగినది. అది ప్రాణరక్షణకన్న నగరమున అద్దె యిండ్ల కరవును ఉద్దేశించిన నియమము. రెంటిని ఒకే గాట కట్టరాదని నా అభిప్రాయము.

మనవారికి చిక్కు తెచ్చునది పసిపిల్లల లెక్క. కొన్ని యూళ్లు చిన్నపిల్లలను విడిచిపెట్టును. కొన్ని చంటిబిడ్డనుకూడ తలగా ఎంచును. పగటిపూట భోజనమునకు వచ్చిపోవు బంధువులకు వేరు హద్దు ఉండుటయు కలదు. ఉమ్మడి కుటుంబమునకు ఇది కష్టమే, కాదనలేము. మన దేశమునను కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టేల గుర్తింపునకై చేసిన మార్గదర్శకములలో ఆరు గదులు, పండ్రెండు పడకలు అను హద్దు పెట్టినది. అదియు గదికి ఇద్దరే!

బయానా పంపకముందే పిల్లలచేత యజమానికి రెండు ప్రశ్నలు వ్రాయింపుడు: ఊరివారిచ్చిన అనుమతిపత్రములో ఎందరని యున్నది? చంటివాడు అందులో చేరునా? సంఖ్య చాలనిచో ప్రక్కప్రక్కన రెండు చిన్న యిండ్లు తీసికొని, వంట ఒక్కచోట పెట్టుకొనవచ్చును. అప్పుడైనను భోజనములకు ఎందరు చేరవచ్చునో ముందే అడిగియుంచుకొనుడు.