చెరువును పక్షులకు విడిచిన ఊరు

గూడ వేయుట ఎరుగని బాలురు నేడు పల్లెలలో సైతము పెక్కుమంది. ఇద్దరు మనుష్యులు ఎదురెదురుగ నిలిచి, త్రాళ్ళు కట్టిన గూడను ఊపుచు, పల్లమందలి నీటిని మెరకచేనికి ఎత్తిపోయుట ఒకప్పుడు తెలుగుదేశమంతట కనబడిన పని. ఆ పనిముట్టు మాయమైనది గాని దాని పేరు ఒక పక్షికి అంటుకొని మిగిలినది. ఆ పక్షియే గూడబాతు. క్రిందిముక్కునకు వ్రేలాడు తోలుసంచిని నీటిలో ముంచి, చేపతోపాటు నీటిని గూడ ఎత్తి, ఆ నీటిని ప్రక్కలనుండి జార్చి, చేపను మింగుట దాని విద్య. ఆ విద్యను చూచి గూడను తలచిన పల్లెటూరివాడు ఎవరో గాని, అంతకంటె మంచి పేరు పండితులు పెట్టగలరని నాకు తోచదు. శాస్త్రజ్ఞులు దీనికి ఫిలిప్పీను ద్వీపముల పేరు పెట్టిరి. ఆ ద్వీపములలో ఈ పక్షి నేడు లేనే లేదు!

గూడబాతు రెక్కలు చాచినచో ఇంచుమించు రెండున్నర మీటర్ల పక్షి. బరువు నాలుగు నుండి ఆరు కిలోలు. ప్రపంచమున ఇది గూళ్ళు కట్టుకొను తావులు కొలదియే. దక్షిణ భారతము, సింహళము, అస్సాము, కంబోడియా తప్ప వేరుచోట్ల చెప్పదగినంతగా లేదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారు దీనిని ప్రమాదమునకు చేరువలోనున్న జాతిగా లెక్కించిరి. అటువంటి పక్షికి మన రాష్ట్రమున నాలుగు ప్రసిద్ధమైన పుట్టినిండ్లున్నవి. సూళ్ళూరుపేట సమీపమున నేలపట్టు, కైకలూరు చెంత ఆటపాక, టెక్కలి దాపున తేలినీలాపురము, గుంటూరు ప్రక్కన ఉప్పలపాడు. నేలపట్టు 1976లోనే అభయారణ్యమైనది. ఆటపాక కొల్లేటి అభయారణ్యములోని భాగము. ఉప్పలపాడును నేడు అందరు పక్షికేంద్రమనియే పిలుచుచున్నను మూలమున అది ఒక ఊరిచెరువు. ఉపాధ్యాయులు తమ విద్యార్థులకు మొదట చూపదగినది దానినే అని నా అభిప్రాయము. నందిగామ నుండి ఉదయమున బయలుదేరినవారు విజయవాడ మీదుగ గుంటూరు చేరి, ఉప్పలపాడు చూచి, చీకటిపడులోపల ఇల్లు చేరవచ్చును.

అది ఒకప్పుడు ఊరివారి త్రాగునీటి చెరువు. చెరువునడుమ మట్టిదిబ్బలు, దిబ్బలమీద సర్కారుతుమ్మ చెట్లు. ఎర్రకాళ్ళకొంగలు, గూడబాతులు, తెల్లకంకణములు, నత్తగుల్లకొంగలు, నీటికాకులు ఆ చెట్లమీద గూళ్ళు కట్టుకొన మొదలిడినవి. వందల పక్షుల రెట్ట పడిన నీరు త్రాగుటకు పనికిరాదు. ఇట్టి సందర్భమున మనుష్యులు చేయు పని మన కందరకు తెలిసినదే. డప్పులు కొట్టుదురు, టపాకాయలు కాల్చుదురు, చెట్లు నరుకుదురు. ఉప్పలపాటివారు అది చేయలేదు. నీటికి వేరుదారి చూచుకొని చెరువును పక్షులకు విడిచిరి. అటుపిమ్మట అటవీశాఖవారు వచ్చిరి, చూచుటకు మంచెయు లేచినది. ఊరు ముందు విడువకపోయినచో ఇవేవియు వచ్చి యుండెడివి కావు.

ఇక్కడ సర్కారుతుమ్మను గూర్చి రెండు మాటలు చెప్పవలసి యున్నది. ఇది అమెరికా ఖండమునుండి వచ్చిన చెట్టు. మన బీళ్ళను, చెరువుకట్టలను ఆక్రమించి, పచ్చికను చంపి, రైతుకు కంటగింపైనది. చెరువును బాగుచేయ బూనిన ఉత్సాహవంతులు మొట్టమొదట గొడ్డలి ఎత్తునది దీనిమీదనే. కట్టమీద నున్న తుమ్మను నరకిన నష్టమేమియు లేదు. కాని నీటినడుమ దిబ్బమీద నున్న తుమ్మ వేరు సంగతి. చుట్టును నీరున్నంతకాలము పిల్లి గాని, నక్క గాని, కుక్క గాని గూటిదరి చేరలేదు. కందకము నడిమి కోట వంటిది ఆ చెట్టు. దాని ముండ్లు మనకు బాధగాని పక్షికి కావలి. మంచి జాతి చెట్లు నాటి, అవి ఎదిగి కొమ్మలు చాచిన పిమ్మటగాని ఆ తుమ్మను తాకరాదు. పరిశుభ్రతా దినమని పేరుపెట్టి ఒక్క ఉదయమున దానిని నరికివేయుట కంటె, ఆ దినమున ఇంటియొద్ద నుండుట పక్షులకు మేలు.

చెట్టుకు పక్షియే శత్రువగుట మరియొక చిక్కు. ఏటేట గూళ్ళు మోసిన చెట్టుమీద రెట్ట పేరుకొని, ఆకు మాడి, కొమ్మ ఎండి, తుదకు చెట్టే చచ్చును. అందుచేత ఉప్పలపాటను, ఆటపాకను నీటిలో ఇనుప మంచెలను నాటిరి. పక్షులు వానిమీదను గూళ్ళు కట్టినవి. ఇది ఉపాయమే గాని చెట్టునకు సాటిరాదు. ఇనుమునకు నీడ లేదు. ఎండ ముదిరినప్పుడు ఎర్రకాళ్ళకొంగ తన రెక్కలను గొడుగువలె చాచి, పిల్లలమీద నీడ పడునట్లు గంటల తరబడి నిలుచును. దూరదర్శిని గల విద్యార్థి ఈ దృశ్యమును ఒక్కమారు చూచెనా, ఇనుప మంచెకును చెట్టునకును గల తారతమ్యమును వేరుగ బోధింప పనిలేదు.

ఈ పక్షులను మన పత్రికలు సైబీరియా అతిథులని వ్రాయుట వాడుకైనది. మాట వినుటకు బాగుగనే యున్నది గాని సత్యము కాదు. గూడబాతు, ఎర్రకాళ్ళకొంగ, నత్తగుల్లకొంగ ఈ దేశపు పక్షులే. ఇవి ఇక్కడనే పుట్టి, నీరును మేతయు ఉన్నచోటికి దేశములోననే తిరుగుచుండును. అతిథులు లేకపోలేదు. సూదితోక బాతులు ఉత్తర దేశములనుండి వచ్చును. తలపై రెండు నల్లని పట్టెలు గల బాతు టిబెట్టు, మంగోలియాలనుండి హిమాలయములను దాటి వచ్చును. గులాబివన్నె గోరువంకలు మధ్య ఆసియా మైదానములనుండి గుంపులు గుంపులుగ దిగును. అయితే అతిథులు మన యింట గూడు కట్టవు, శీతకాలము గడపి పోవును. గూడు కట్టి పిల్లలను పెంచునది మన ఇంటి పక్షి. ఈ భేదము తెలిసికొనుట పాండిత్యము కొరకు కాదు. అతిథికి మేతయు విశ్రాంతియు చాలును. ఇంటిపక్షికి అక్టోబరునుండి మార్చి వరకు చెట్టు, నీరు, నిశ్శబ్దము ఆరునెలలు తప్పక కావలెను. చెరువులోని ఏ పనియైనను వేసవిలో, గూళ్ళు ఖాళీయైన పిమ్మట చేయవలెనను నియమము ఇందుండియే వచ్చినది.

ఒక పక్షిస్థావరము ఎంత సులభముగ పోవునో కొల్లేరు చెప్పును. ఆంగ్లభాషాధ్యాపకుడుగ జీవించి, తీరికవేళల పక్షులను పరిశీలించిన కేరళీయుడు కె. కె. నీలకంఠన్ 1949లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. కొల్లేటి ప్రాంతమున గూడబాతులు పెద్ద సంఖ్యలో గూళ్ళు కట్టుకొనియున్న తావును ఆయన అందు వివరించెను. 1970ల నాటికి ఆ స్థావరము లేదు. గూడబాతులు మరల కొల్లేటి చెంతకు వచ్చి ఆటపాకలో స్థిరపడుటకు దశాబ్దములు పట్టినది. నడుమ సరస్సు చేపలచెరువులుగ కోతపడెను. 1999లో ఐదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమని ప్రభుత్వము ప్రకటించెను. 2002లో కొల్లేరు రాంసారు ఒప్పందపు పట్టికలో చేరెను. 2006లో చేపలచెరువుల గట్లను ప్రభుత్వమే కొట్టించెను. ఆ గట్లలో ధనికుల పెట్టుబడియు కలదు, లంకగ్రామముల పేదల బ్రతుకుతెరువును కలదు. రెంటిని ఒకే గాట కట్టి మాటలాడుట న్యాయము కాదు. ఈ చిక్కు నేటికిని తీరలేదు.

మెట్టప్రాంతమువారమగు మనకు కొల్లేటితో పనియేమని తలపవలదు. కొల్లేటికి నీరు తెచ్చు బుడమేరు మైలవరపు కొండలలో పుట్టినది. ఎగువ చెరువులు నిండి నిలిచినచో ఏరు మెల్లగ పారును. చెరువులు పూడి, దారులు మూసికొన్నచో ఏమగునో 2024 సెప్టెంబరులో విజయవాడ చూచినది. పక్షి నిలుచు తడినేల వరదను పీల్చు నేలయు నగును.

దేశాంతరమున నొక ఉదాహరణ చెప్పెదను. ఇంగ్లండు తూర్పుతీరమున మిన్స్‌మియర్ అను తావు కలదు. 1940లో జర్మనులు దండెత్తుదురను భయముచే అచ్చటి పచ్చికబయళ్ళను నీటితో ముంచిరి. శత్రువు రాలేదు. ఇంచుమించు నూరేండ్లుగ ఆ దేశమున స్థిరముగ గూడుకట్టని అవొసెట్టు అను పక్షి, పైకి వంగిన ముక్కుతో, నలుపుతెలుపు వన్నెతో, 1947లో అచ్చట గూడు కట్టెను. తరువాత 1960ల ఆరంభమున బెర్ట్ ఆక్సెల్ అను సంరక్షకుడు నేల పైపొరను గీకించి, మోకాలిలోతైన లేని మడుగులను, వానిలో చిన్నచిన్న దిబ్బలను కల్పించెను. స్వచ్ఛంద సేవకులు రెల్లు కోయుట, దిబ్బలపై మొలచిన కలుపు తీయుట నేటికిని అట్టి తావులలో నిత్యకృత్యము. అదే అవొసెట్టు శీతకాలమున మన పులికాటు నీళ్ళలో దిగును.

ఆక్సెల్ గ్రహించిన రహస్యము లోతును గూర్చినది. ఉల్లంకిపిట్టకు చీలమండ లోతు నీరు, కొంగకు మోకాలిలోతు, బాతునకు ఇంకను కొంత లోతు కావలెను. మన ఊరిచెరువు పూర్వము కట్టనుండి ఎగువకు ఏటవాలుగ పలుచబడుచు పోయెడిది. కావున నీరు తగ్గుకొలది ఒకదాని వెంట నొకటి అన్ని పక్షులకు చోటు దొరకెడిది. నేడు యంత్రముతో పూడిక తీయువారు నిట్టనిలువుగ గోతిని త్రవ్వి పోవుచున్నారు. నీరు నిలుచును, నిజమే. పక్షికి కాలుమోప తావుండదు, ఈతరాని బాలునకు ప్రాణాపాయము, పశువు దిగి నీరు త్రాగలేదు. పూడిక తీయవలదని నేననను. ఎగువ అంచున నాలుగవవంతు భాగమును వాలుగ విడువుడని పంచాయతీవారిని అడుగుటకు పాఠశాల పిల్లలకు సైతము అధికారము కలదు.

గుర్రపుడెక్క సంగతి అందరెరిగినదే. అనుకూలించినచో రెండు వారములలో రెట్టింపగును. దాని విత్తనము బురదలో ఏండ్ల తరబడి బ్రతికియుండును. కావున పూతకు ముందే తీయవలెను, తీసినదానిని కాలువలోనికి నెట్టక గట్టుమీద ఎండబెట్టవలెను. ఒకనాడు నూరుమంది చేయు పనికంటె, నెలకొకమారు పదిమంది చేయు పని దీనికి మందు. అయితే చెరువంతయు అద్దమువలె చేయబూనరాదు. తామరాకు, తుంగ, జమ్ము ఉన్న మూలలను విడువవలెను. జమ్ములో దాగు కోళ్ళకు అదియే ఇల్లు.

చేతిపని చేయలేనివారు లెక్కింపవచ్చును. 1987నుండి ప్రతి జనవరిలో ఆసియా ఖండమంతట నీటిపక్షుల గణన జరుగుచున్నది. లెక్కించువారిలో జీతగాండ్రు తక్కువ, ఉపాధ్యాయులు, విద్యార్థులు, ఉద్యోగులు ఎక్కువ. 1980లో హైదరాబాదున వెలసిన పక్షివీక్షకుల సంఘము 'పిట్ట' అను పేరుతో పత్రికనే నడపెను. లెక్కించు విధానము కష్టమైనది కాదు. గుంపులో ఒక అంచున పది పక్షులను నిజముగ లెక్కించి, ఆ పది ఎంత మేర ఆక్రమించినవో కంటితో కొలిచి, ఆ కొలతతో మిగిలిన గుంపును గణింపవలెను. ఇద్దరు వేర్వేరుగ లెక్కించి పోల్చుకొన్నచో గణితపాఠమును అందే వచ్చును. పాలేరు, మునేరు ఇసుకపాయలలో శీతకాలపు ఉదయము ఒక గంట నడచిన విద్యార్థికి పాఠ్యపుస్తకములో దొరకని పక్షులు కనబడును.

లెక్కతోపాటు పేరును వ్రాయించుడు. నుదుట తెల్లని బొట్టున్న నల్లనిపక్షి నామాలకోడి, ముక్కు గరిటెవలె నున్నది తెడ్డుమూతికొంగ. ఈ పేర్లే పక్షిని గుర్తించు లక్షణములు. చెరువుకాపరులకు, జాలరులకు, ఎరుకలవారికి తెలిసిన పేర్లు మరెన్నో యున్నవి. మద్రాసు సైన్యపు వైద్యుడు జెర్డన్ 1862-64లలో ప్రకటించిన పక్షిశాస్త్ర గ్రంథమున తెలుగు పేర్లను సైతము చేర్చెను. ఆయన పేరనే పిలువబడు ఒక పక్షి 1900 తరువాత ఎవరికిని కనబడలేదు. అది అంతరించెనని లోకము నమ్మెను. 1986 జనవరిలో కడప మండలపు చిట్టడవిలో అది మరల దొరకినది. దానిని పట్టి చూపినవాడు పక్షులవేటయందు ఆరితేరిన ఒక పల్లెవాసి. లోకమునకు ఎనుబదియారేండ్లు కనబడని ఆ పక్షికి, ఆ పల్లెలలో కలివికోడి అని పేరు నిలిచియే యుండెను.