పాత ఫోటోలు, నెగిటివులు: ఇంట్లోనే కంప్యూటరు కెక్కించుకొనే విధానం

కాలేజీ గ్రూపు ఫోటోకు ఒక సౌకర్యం ఉంది. అట్టమీద, ఫోటో కింద, "కూర్చున్నవారు ఎడమనుంచి కుడికి", "నిలుచున్నవారు" అంటూ పేర్లు అచ్చువేసి ఉంటాయి. నలభై ఏళ్ళ తర్వాత చూసినా రెండవ వరసలో బెల్‌బాటం ప్యాంటు వేసుకొన్న పెద్దమనిషి ఎవరో తెలిసిపోతుంది. ఇంట్లో ఫోటోలకు ఆ భాగ్యం లేదు. మా అమ్మమ్మ పెట్టెలో ఒక పెళ్ళి ఫోటో ఉండేది. పందిట్లో పదకొండుమంది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. పోయిన తర్వాత చూస్తే మాకు పేర్లు తెలిసినవారు నలుగురే! తక్కిన ఏడుగురూ మా బంధువులే అయివుండాలి గాని వరస చెప్పేవారు లేరు. ఆ ఫోటోను నేనెంత శ్రద్ధగా స్కాను చేశానంటే పెళ్ళికూతురి వంకీమీద నగిషీ కూడా కనిపిస్తుంది. ఏం లాభం?

అందుచేత ఈ పనికి పూనుకొనేవారు స్కానరు కంటే ముందు ఒక నోటుపుస్తకం కొనుక్కోవాలని నా మనవి. ముందుగా ఫోటోలన్నిటినీ సెల్‌ఫోనుతో ఏదో ఒకలాగా తీసి, నెంబర్లు వేయండి. ఆ ఫోను పట్టుకొని నానమ్మ దగ్గరో, పెదనాన్న దగ్గరో కూర్చోండి. చూపు ఆనని వారికి తెరమీద మొహాలు పెద్దవి చేసి చూపించవచ్చు. ఇంకొక ఫోనులో వారి మాటలు రికార్డు చేయండి. స్కానింగు వచ్చే ఏడు చేసుకొన్నా ఫరవాలేదు. ఇది మాత్రం ఈ సెలవుల్లోనే కావాలి.

ఇక దేనిని ముందు స్కాను చేయాలి? అన్నిటికంటె పాతదానిని అనుకొంటాం. అది పొరపాటు. నలుపు తెలుపు ఫోటోలో బొమ్మ వెండి రేణువులతో ఏర్పడినది గనుక, సరిగా కడిగినదైతే తొందరగా చెడదు. రంగుల ఫోటోలో ఉన్నవి అద్దకాలు. 1970, 80లలో తీయించినవాటిని చీకట్లో దాచినా నీలిరంగు అద్దకం ముందుగా వెలిసిపోయి, మనుషులంతా ఎర్రబారి కనిపిస్తారు. కాబట్టి తాతగారి కంటె ముందు మేనత్తగారి రంగుల పెళ్ళి ఆల్బం సంగతి చూడాలి. నెగిటివుల డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన కొడితే అంతకంటె తొందర పడాలి. ఎసిటేటు ఫిల్ము విచ్ఛిన్నమవుతూ విడిచే ఆమ్లం వాసన అది. ఉక్క, తేమ దానిని మరింత త్వరపెడతాయి. పక్కనున్న ఫిల్ముకు కూడా ఆ జబ్బు తగులుతుంది గనుక వేరుచేసి, దానినే మొదట స్కాను చేయండి.

నెగిటివు ఉంటే ప్రింటు జోలికి పోనక్కరలేదు. ప్రింటులో స్టూడియోవారు అంచులు కత్తిరించి ఉండవచ్చు. నెగిటివులో మొత్తం ఉంటుంది. ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో ఉండిన అగ్ఫా క్లిక్ త్రీ కెమేరా 120 రోలుమీద పన్నెండు ఫోటోలు తీసేది. ఒక్కొక్కటి 6 సెంటీమీటర్ల చదరం. చవక కెమేరాయే గాని నెగిటివు పెద్దది. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో బొమ్మ 24 × 36 మిల్లీమీటర్లే. దానిని అంగుళానికి 2400 చుక్కల చొప్పున స్కాను చేస్తే సుమారు 77 లక్షల చుక్కల బొమ్మ వస్తుంది. ఇంటి అవసరానికి అది చాలు. అట్టపెట్టెమీద అచ్చువేసే 9600ల అంకెలు చూసి భ్రమపడనక్కరలేదు. ప్రింటుకైతే అంగుళానికి 600 చాలు.

ఆఫీసులో కాగితాలు స్కాను చేసే యంత్రం నెగిటివుకు పనికిరాదు. అది కిందనుంచి వెలుగు వేసి, కాగితంమీద పడి తిరిగి వచ్చిన వెలుగును పట్టుకొంటుంది. నెగిటివుకు వెలుగు అవతలినుంచి దూరి రావాలి. మూతలో కూడా దీపమున్న ఫిల్ము స్కానరు కావాలి. అది లేనివారు బొమ్మలు ట్రేసింగు చేసుకొనే ఎల్.ఇ.డి. పలకమీద నెగిటివు పరచి, చుట్టూ నల్లకాగితం కప్పి, గది చీకటి చేసి, దగ్గరి వస్తువులను తీసే లెన్సుతో కెమేరాను స్టాండుకు బిగించి తీయవచ్చు. మెరిసే వైపు కెమేరాను చూస్తూ ఉండాలి. లేకపోతే కుడి ఎడమలు తారుమారై తాతగారు ఎడమచేత్తో భోంచేస్తారు! తర్వాత కంప్యూటరులో నలుపు తెలుపులను తిరగవేయడమే. రంగుల నెగిటివుకు నారింజరంగు పొర ఉంటుంది గనుక తంటా ఎక్కువ. స్లైడుకు ఆ బాధ లేదు. అది ఉన్నది ఉన్నట్టే.

దుమ్మును రబ్బరు బుడ్డితో ఊదాలి, నోటితో ఊదరాదు. స్కానరులో పరారుణ కిరణాలతో దుమ్మును చెరిపే ఏర్పాటుంటే నలుపు తెలుపు ఫిల్ముకు దానిని ఆపివేయండి. వెండి ఆ కిరణాలను అడ్డుకోవడంతో యంత్రం బొమ్మనే దుమ్మనుకొంటుంది. బూజు పట్టిన నెగిటివును నీళ్ళలో కడగవద్దు. బూజు తిన్న జెలటిన్ నీళ్ళలో కరిగి, బొమ్మతో సహా పోతుంది. ఫ్రేములో అద్దానికి అంటుకుపోయిన ఫోటోను పీకవద్దు. అద్దం మీదుగానే ఫోటో తీసుకోండి.

మరొక మాట. స్కాను చేసేటప్పుడు చుట్టూ ఉన్న అట్టను కత్తిరించకండి. స్టూడియో పేరు, ఊరి పేరు ఉండేది దానిమీదే. వెనకవైపు రబ్బరు ముద్ర, ఎవరిదో దస్తూరీ ఉంటే అదీ స్కాను చేయాలి. ఇప్పుడు నలుపు తెలుపు ఫోటోకు కంప్యూటరే రంగులు పూస్తోంది. చూడ ముచ్చటగానే ఉంటుంది. కాని ఆ బూడిదరంగు చీర పసుపుదా, చిలకపచ్చదా అన్నది కట్టుకొన్నావిడకే తెలుసు, యంత్రానిది ఊహ. సరదాకు వేసుకోండి గాని మొదటి స్కానును ముట్టుకోకుండా 'టిఫ్' పద్ధతిలో విడిగా దాచండి. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత ఊరు, సందర్భం ఉంటే వెతుక్కోవడం సులువు. మూడు ప్రతులుండాలి, అందులో ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి. హార్డుడిస్కు చెప్పి చెడిపోదు.

స్కాను అయిపోయిందని అసలును పారవేసేవారున్నారు. దయచేసి ఆ పని చేయకండి. కాగితం కవర్లలో పెట్టి, అటకమీద కాక, చల్లని బీరువాలో దాచండి. ప్రింటు వెనక పేర్లు మెత్తని పెన్సిలుతో, అంచున వ్రాయండి, బాల్‌పెన్నుతో వద్దు.

మా పెళ్ళి ఫోటో సంగతి చెప్పడం మరిచాను. దాని నకలును ఆమధ్య తెనాలిలో అమ్మమ్మ చిన్నాడపడుచుకు చూపించాను. ఆవిడకు తొంభై దాటాయి. వెనక తలపాగాతో నిలుచున్నాయనను చూసి నవ్వింది. "వాడు చుట్టం కాదర్రా, సన్నాయి వాయించడానికొచ్చినాయన. ఫోటో తీస్తున్నారని వచ్చి నిలబడ్డాడు" అన్నది. ఇంకా ఆరుగురు మిగిలారు.