మీకు తెలుసా? 554 సార్లు వింటే 276 సార్లే సరి
మోగుతున్నది ఖరీదైన హై-రిజల్యూషన్ డిస్కా, లేక అదే సంగీతాన్ని మామూలు సీడీ స్థాయికి తగ్గించి వినిపిస్తున్నారా అని 554 సార్లు అడిగితే, శ్రోతలు సరిగ్గా చెప్పింది 276 సార్లే. అంటే 49.8 శాతం, బొమ్మా బొరుసా వేసి చెప్పినా అంతే వస్తుంది. బోస్టన్ ప్రాంతంలో బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరాన్ జరిపిన ఈ పరీక్ష 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ జర్నల్‌లో అచ్చయింది. విన్నవాళ్లలో రికార్డింగ్ ఇంజనీర్లూ, ఆడియో పిచ్చి ఉన్నవాళ్లూ ఉన్నారు. సంగీతం సద్దుమణిగిన చోట వాల్యూమ్ విపరీతంగా పెంచినప్పుడు మాత్రం, సీడీ స్థాయికి తగ్గించిన ధ్వనిలో ఉండే సన్నటి బుస చెవిన పడింది.

ఒక్క పరీక్షతో తేల్చేస్తే ఎలా అన్న అభ్యంతరం న్యాయమైనదే. 2016లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీకి చెందిన జాషువా రీస్ 18 ప్రయోగాల ఫలితాలను కలిపి లెక్కగట్టారు. సరైన జవాబులు 52.3 శాతం, ముందుగా శిక్షణ పొందిన శ్రోతల్లో 60 శాతం దాకా వచ్చాయి. కాబట్టి తేడా బొత్తిగా లేదనలేం. కానీ శిక్షణ పొందిన చెవికే పదింట నాలుగుసార్లు దొరకని తేడా కోసం, మామూలు శ్రోత అదనంగా డబ్బు పోయడం నా దృష్టిలో దండగే. మరి ఆ హై-రిజల్యూషన్ డిస్కులు నిజంగానే బాగుంటాయి కదా అంటే, బాగుంటాయి. మేయర్, మోరాన్ కూడా ఆ మాట ఒప్పుకున్నారు. వాళ్లు చూపిన కారణం వేరు: వాటిని రికార్డు చేసి, మాస్టరింగ్ చేసినవాళ్లు ఎక్కువ శ్రద్ధ పెట్టారు.