పాత చెరుకు బండికి ఏ చక్రాలు? ఏ టైర్లు?

బోధన్, ఎడపల్లి, రెంజల్, కోటగిరి వైపు నుండి వచ్చి మన హాస్టల్‌లో చదివిన వారికి చెరుకు బండి కొత్త కాదు. 1937లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారానికి ఈ ఊళ్ల చెరుకే పోయేది. క్రషింగ్ సీజనులో శక్కర్‌నగర్ తోవ పొడుగునా బండ్లు బారులు తీరేవి. ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామి చేతికి వెళ్లింది, 2015 డిసెంబరులో మూతపడింది. ట్రాక్టర్లు, లారీలు అంతకు ముందే బండ్లను పక్కకు నెట్టాయి. అయినా కొన్ని ఇళ్ల వెనుక చెట్టు కింద తాతల నాటి బండి ఇంకా పడి ఉంది. దాన్ని బాగుచేయించాలనుకుంటే మొదట వచ్చే ప్రశ్న ఒకటే: కట్టె చక్రాలు ఉంచాలా, టైర్లు వేయించాలా?

ముందుగా కట్టె చక్రం చూద్దాం. నడుమ కుండ, దాని చుట్టూ ఆకులు, వాటి మీద పూటీలు, అన్నింటినీ బిగించి పట్టే ఇనుప పట్టా. ఎండలకు కట్టె ఎండి కుంచించుకుపోతే పట్టా వదులవుతుంది. ఆకును చిన్న సుత్తితో కొట్టి చూడండి. గట్టిగా ఖంగుమంటే మంచిదే. బొద్దుగా, డబ్బుమని పలికితే లోపల పుచ్చు ఉన్నట్టు. కట్టె బాగుండి పట్టా మాత్రమే వదులైతే కమ్మరి దాన్ని కోసి, పొట్టి చేసి, పిడకల మంటలో కాల్చి ఎక్కిస్తాడు. మనం భౌతికశాస్త్రంలో చదివే వ్యాకోచం ఇదే. 5 అడుగుల ఎత్తు చక్రానికి పట్టా చుట్టుకొలత సుమారు 4.8 మీటర్లు. దాన్ని 400 డిగ్రీల మేర వేడి చేస్తే సుమారు 2.3 సెంటీమీటర్లు సాగుతుంది. ఎక్కించగానే నీళ్లు చల్లితే తిరిగి కుదించుకుని చక్రాన్ని పిడికిలిలా పట్టేస్తుంది. పరీక్షలో ఈ ఉదాహరణ రాస్తే ఏ మాస్టారూ మార్కులు కోయరు!

జాతరకో, పెండ్లి ఊరేగింపుకో బండి కావాలంటే కట్టె చక్రమే అందం. దానికి తుమ్మ ముల్లు గుచ్చుకోదు, పంక్చరు లేదు. కాని బరువు మోయాలంటే లెక్క వేరు. సన్నని ఇనుప పట్టా తడిసిన నల్లరేగడిలో కత్తిలా దిగబడుతుంది. తారు రోడ్డు మీద ప్రతి కుదుపూ కాడి గుండా ఎద్దు మెడకే చేరుతుంది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలుకు గాలి టైర్లు అమర్చింది కూడా కుదుపు తగ్గించడానికే.

ఈ తేడాను చట్టం కూడా గుర్తించింది. 1965 నాటి బరువు లాగే జంతువుల నిబంధనల ప్రకారం మధ్యరకం ఎద్దు లాగే రెండు చక్రాల బండికి గాలి టైర్లు లేకపోతే 700 కిలోలు, టైర్లుంటే 1050, బాల్ బేరింగులుంటే 1400 హద్దు. ఈ వరుసను గమనించండి. చాలామంది టైరుకు డబ్బు పెట్టి, అరిగిన ఇరుసును అలాగే వదిలేస్తారు. నా మాట వింటే ముందు బేరింగులు చూడండి. చక్రాన్ని లేపి చేత్తో తిప్పినప్పుడు గరగరమంటే, పక్కలకు ఊగితే, ఎంత మంచి టైరు వేసినా ఎద్దుకు సుఖం లేదు.

ఇక టైరు కొలత. ఎడ్లబండ్ల టైర్ల మీద 8.00-19 వంటి అంకెలు ఉంటాయి. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాల్లోనే. గాలి నింపితే ఈ టైరు మొత్తం ఎత్తు సుమారు 35 అంగుళాలు. 60 అంగుళాల కట్టె చక్రం తీసి దీన్ని వేస్తే ఇరుసు ఒక అడుగుకు పైగా కిందికి దిగుతుంది. కాడి మాత్రం ఎద్దు మెడ ఎత్తులోనే ఉంటుంది కదా! అందువల్ల బండి వెనక్కి వాలుతుంది, బరువు వెనక్కి పడి కాడి పైకి లేస్తుంది, మెడ కింది పలుపు గొంతుకు బిగుస్తుంది. దీనికి విరుగుడు ఇరుసుకూ బండి చట్రానికీ మధ్య గట్టి దిమ్మెలు వేసి పైకి లేపడం. చట్రం సమంగా నిలిచాకే బరువు ఎక్కించి, కాడిని చేత్తో ఎత్తి చూడాలి. మెడ మీద కొద్దిపాటి బరువే ఆనాలి.

పాత టైరు కొనేవారు గుబ్బలు చూసి మోసపోవద్దు. పనికొచ్చేదీ లేనిదీ పక్క గోడే చెబుతుంది. గాలి తీసి వంచినప్పుడు సన్నని పగుళ్లు తెరుచుకుంటే, లోపలి దారాలు కనిపిస్తే వదిలేయండి. అలాంటి దానికి రీట్రేడింగ్ చేయించినా దండగే, కొత్త రబ్బరు అతుక్కోవాలంటే కింది గుల్ల బాగుండాలి. 2000 తర్వాతి టైర్లలో చాలావాటి మీద నాలుగంకెలు ఉంటాయి. ఉదాహరణకు 1419 అంటే 2019లో 14వ వారం. రెండు వైపులా ఒకే కొలత, ఒకే ప్లై టైర్లు ఉండాలి, లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది.

రిమ్ము విషయం ప్రాణానికి సంబంధించినది. లారీ రిమ్ములు కొన్నింటికి విడిగా వచ్చే లాకింగ్ రింగు ఉంటుంది. తుప్పు పట్టిన రింగు గాలి నింపేటప్పుడు ఎగిరిపడితే మనిషి బతకడం కష్టం. టైరును ఇనుప బోను లోపల పెట్టి గాలి పట్టే దుకాణానికే ఇవ్వాలి. తలను, ఛాతీని రింగుకు ఎదురుగా ఎప్పుడూ ఉంచరాదు. టైరు మీద రాసిన పీడనం దాటించరాదు. సైకిలు పంపు అనుభవంతో ఈ పనికి దిగవద్దని తమ్ముళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను.

టైర్ల బండి తేలికగా దొర్లుతుంది కాబట్టి పల్లంలో తానే ఎద్దుల మీదికి వస్తుంది. అందుకే బ్రేకు పెట్టించకుండా బండిని రోడ్డెక్కించవద్దు. పని లేని నెలల్లో ఇరుసు కింద ఇటుకలు పేర్చి టైర్లను నేల నుండి లేపి, ఎండ తగలకుండా గోనెసంచులు కప్పితే చాలు.