మెఱుగు వేఱు, శుభ్రత వేఱు

లక్షలు పోసి స్విస్ గడియారము కొన్నవారిలో రెండు తెగలవారు కలరు: నీటిచుక్క సోకినంతనే అది చెడునని భయపడి ఏండ్ల తరబడి కడుగనివారు ఒకరు, తళతళలాడువఱకు తోమి తృప్తిపడువారు మఱియొకరు. రెండవవారి చేతనే గడియారమునకు చేటెక్కువ.

పళ్ళపేస్టుతో రుద్దిన అద్దముపై గీతలు పోవునను నమ్మిక ప్లాస్టిక్ అద్దముల నాటిది. మెత్తనైన ఆ అద్దముపై సన్నగీతలు అట్లు కొంత మాయుట నిజమే. కాని నేటి ఖరీదైన గడియారములలో తఱచుగా కానవచ్చునది కృత్రిమ నీలమణి. మోస్ కాఠిన్యమానమున దాని స్థానము 9. దానికి పేస్టువలన ఒరుగునదేమియు లేదు. పైపూత యున్నచో అది గీసికొనిపోవును, చుట్టునున్న 18 క్యారెట్ల బంగారము సరేసరి. చింతపండు, విభూతి, నిమ్మరసము ఇత్తడి చెంబులకే విడువదగినవి. దుకాణమున యంత్రముపై మెఱుగు పెట్టించుటయు లోహమును పిసరంత అరగదీయుటయే. పలుమాఱులైనచో అంచుల తీరు చెడును, పాత గడియారములు సేకరించువారు వెల తగ్గింతురు.

మూతపై "30 మీటర్లు" అని యున్నంత మాత్రమున అంత లోతున మునుగవచ్చునని కాదు. అది నిశ్చలముగా 3 బార్ల పీడనమునకు చెప్పిన లెక్క. తుంపరలకు ఆగును, ఈతకు ఆగదు. 1927 అక్టోబరులో ఈతగత్తె మెర్సిడెస్ గ్లైట్జ్ ఇంగ్లీషు ఛానల్ ఈదునపుడు ఆమె మెడను వ్రేలాడిన రోలెక్స్ ఆయిస్టర్ 10 గంటలకు పైగా చన్నీట నుండియు నడచినది (పాపము, ఆమె మాత్రము ఆవలియొడ్డు చేరలేదు). అయితే అది కొత్త గడియారము. వాడుకలో రబ్బరు వలయములు బిఱుసెక్కును. వేడినీరు, ఆవిరి వానికి మఱింత కీడు.

అసలు మురికి గొలుసు కీళ్ళలో నుండును: చెమటయు దుమ్మును కలిసి నల్లని ముద్దయై, ఆకురాయివలె కీళ్ళను లోలోపల అరగదీయును. పీడనపరీక్షలో నెగ్గిన గడియారమైనచో, కీ ఇచ్చు బొడిపెను లోనికి నొక్కి, మఱ యున్న బిగించి, గోరువెచ్చని నీట మృదువైన ద్రవసబ్బు రెండు చుక్కలు కలిపి, పసిపిల్లల బ్రష్షుతో కీళ్ళను, వెనుకమూత అంచును తోమి, మంచినీట కడిగి, మెత్తని గుడ్డతో తడి యొత్తిన చాలును. తోలుపట్టీకి పొడిగుడ్డయే.

అద్దము లోపల ఆవిరి కమ్మినచో, కొందఱు చెప్పినట్లు బియ్యపు డబ్బాలో పాతిపెట్టక, ఆనాడే మరమ్మతుకిచ్చి మూత తెఱపింపవలెను. ఆలస్యమైన కొలదియు లోపలి ఉక్కు భాగములకు త్రుప్పు పట్టును.